పెళ్లి వీడియోలతో పరీక్ష

విడవలూరులో రొయ్యల గుంటలు సాగుచేసే అతనికీ, నెల్లూరు కంపెనీలో ఉద్యోగం చేసే ఆమెకూ పెళ్లై నెలైనా కాలేదు. పాత కంప్యూటర్‌లోని హార్డ్ డిస్కు తీసేసి, దాని చోట చవగ్గా కొన్న ఎస్‌ఎస్‌డీని బిగించి, ఇద్దరూ కంప్యూటర్ ముందు ఒకే కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నారు.

"చూశారా, మనం సర్దుకుని కూర్చునేలోపే ఆన్ అయింది."

"అప్పుడే మురిసిపోబాక. రొయ్య పిల్లలు కూడా తెచ్చిన రోజు చురుగ్గానే ఈదతాయి. ఉప్పు తక్కువ నీళ్లలో వేసి చూస్తేనే గదా, గట్టివో కాదో తెలిసేది."

"దీనికీ అట్లాంటి పరీక్షే పెడతా. చౌకవి పెద్ద ఫైళ్లు పడితే నీరసపడతాయంట. మన పెళ్లి వీడియోలన్నీ ఎక్కిస్తా ఉండా."

"మధ్యలో చతికిలబడితే?"

"ఇంటి నుంచి పని కుదరదని ఆఫీసుకు చెప్పాల. సోమవారం నుంచి నాకు నెల్లూరు హాస్టలు, మీకు ఆదివారాలు."

"అట్లనబాక. ఎందాకా వచ్చింది?"

"తలంబ్రాలు అయిపోయినాయి. అయ్యో, వేగం తగ్గతా ఉండాది."

"తిరిగి పంపించేద్దామా? ఇంకా మంచిది కొందాం."

"ఉండండబ్బా. తగ్గినా పాతదానికంటే ఎంతో నయం. అదిగో, అప్పగింతలు కూడా ఎక్కేసినాయి. నా పనికి ఇది చాలు, పాసయింది. ఎక్కడికి లేస్తా ఉండారు?"

"నీ సూట్‌కేసు ఇంకా మంచం కిందే ఉండాది గదా. అటక మీద పడేసొస్తా."