యాభై రెండు కిలోలు

మఫ్రఖ్ ఊరు దాటాక, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, కఫీల్ గారి పెద్ద బండిని డ్రైవరు ఎడారి రోడ్డు పక్కన ఆపాడు. వెనక తగిలించిన చక్రాల ఇల్లు, అదే కారవాన్, బరువుకు బండి తోక నేలకు వంగిపోయింది. కఫీల్ కుటుంబం వేరే కారులో విడిదికి ముందే వెళ్ళిపోయింది. డ్రైవరుతోపాటు వంటమనిషి కూడా దిగాడు.

"ముందు చక్రాలు తేలుతున్నయ్ భాయ్. స్టీరింగ్ చేతుల నిలుస్తలేదు. బరువు దించాలె."

"కఫీల్‌కు చెప్పలేదా అన్నా?"

"పొద్దుగాల్నే చెప్పిన. ఎక్కువైతే వంటోణ్ణి దింపు, రేపు తీసుకపోదువు అన్నడు."

"ఈ ఎండలోనా? నేను యాభై రెండు కిలోలు గదన్నా. నేను దిగితే ఆ తోక లేచ్చాదా?"

"లేవది."

"మరి కారవాన్‌లో ఆ నీళ్ల ట్యాంకు?"

"రెండు వందల లీటర్లు. పిల్లల తానాలకట. నీళ్లు తక్కువైతే నా వీసా ఖలాస్ అన్నడు."

"నేను తక్కువైతే?"

"దానికేం అనలే."

డ్రైవరు వంగి ట్యాంకు కుళాయి తిప్పాడు. నీళ్లు ఇసుకలోకి పోసాగాయి.

"అన్నా, నీ వీసా?"

"ముందుగాల మొకం కడుక్కో భాయ్. గిన్ని నీళ్లు మనకు మల్ల దొరకయ్."