దూలయ్య మామ ఇచ్చిన విత్తులు

అదే ఎందుకు అడుగుతవ్ మామా? విత్తులు ఏడ జల్లినవ్, ఏడ జల్లినవ్ అని వచ్చినప్పటి సంది ఒకటే అడుగుడు! ఇంకేదన్నా అడుగరాదూ?

కూసుంట తియ్. పోమంటే మాత్రం ఏడికి పోతా?

అసలు మొన్న విత్తనాల పండుగకే రావద్దనుకున్న. ఊరోళ్లందరు డొప్పలల్ల వడ్లు, జొన్నలు, కందులు పట్టుకొచ్చిరి. ఊరికి పూజారివి, నీ ముందటికి వట్టి చేతులతోని ఎట్ల రావాలె? ఇంట్ల ఎతికి ఎతికి, నీ బిడ్డ నాగక్కనే కోటా బియ్యం డొప్పల పోసిచ్చింది. మర పట్టిన బియ్యం మొలుస్తయా మామా? చిన్నపిల్లగానికి గూడ ఎరుకే!

నువ్వు చేతుల పోసుకొని చూసినవ్. చూడలేదనకు, నేను నీ ముఖమే చూస్తున్న! అందరి విత్తులల్ల కలిపి, అమ్మోరి ముందట పెట్టి, "చెలకల మొదలు ఇవే జల్లు" అని నా వంతు నాకిచ్చినవ్. ఆడనే నాలుగు తిట్టినా బాగుండు. సిగ్గుతోని సచ్చిన.

చెలక ఏడున్నది? వాకిలి దాంక జామాయిల్ చెట్లే గద. ఎవలు పెట్టమన్నరంటవా? ఎవలూ అనలే. అట్టల ఫ్యాక్టరీ వచ్చిన ఏడు, నౌకరి దొరికిందని ఎగిరిన. షిఫ్టులకు పొయ్యేటోడు అరక ఎప్పుడు కడతడు? ఎడ్లను అమ్మిన. జామాయిల్ పెట్టిన. కలుపు లేదు, కావలి లేదు, పెరిగినంక ఫ్యాక్టరోళ్లే కొట్టుకపోతరు. "అరక కట్టుడు ఇంక మీకే మామా" అని నీ ముందటనే నవ్విన. యాదికున్నదా?

దాని నీడల గడ్డి గూడ సక్కగ మొలువది.

ఉండు, చెప్తున్న. ఫ్యాక్టరీల నీళ్ల ట్యాంకు ఎనక జరంత నల్లమట్టి ఉన్నది. ఎప్పుడు తడిగుంటది, ఆడికి ఎవలు రారు. ఆడ జల్లుదామనుకున్న. నవ్వకు మామా! విత్తు మట్టిల పడాలె, ఎవలి మట్టైతేంది అనుకున్న.

ఇయ్యాల పొద్దుగాల మూట కట్టి, యూనిఫాం జేబుల ఏసుకొని పోయిన. గేటు కాడ సెక్యూరిటీ దేవ్‌సింగ్ జేబులు తడిమి, మూట ఇప్పిండు. "ఏందిరా ఇవి?" అన్నడు. ఎనక లైన్ మొత్తం నిలబడ్డది. సూపర్‌వైజర్ గూడ చూస్తున్నడు.

అమ్మోరి విత్తులు అని అనొచ్చు గద? మా మామ చేత్తోని ఇచ్చిండు అని అనొచ్చు గద? నోట్లె నాలుక లేదా నాకు?

అనలే మామా.

"కోళ్ల మేత సార్" అన్న.

అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. దేవ్‌సింగ్ సిమెంటు మీద గుమ్మరిచ్చిండు. సూపర్‌వైజర్ చీపురు నా చేతికిచ్చి, "నీ కోళ్ల మేత నువ్వే ఎత్తు" అన్నడు.

ఎత్తిన. ఒక్క గింజ గూడ ఇడువకుంట ఊడిసి, చెత్త డబ్బాల పోసి డ్యూటీకి పోయిన.