లిఫ్టు మెకానిక్ రాసిన పెద్ద పరీక్ష

పన్నెండు కొట్టేలోపు ఫారాలు అందాలని ఆఫీసులో ఆవిడ పొద్దున్నే ఖరాఖండీగా చెప్పేసింది. పియానో పెద్ద పరీక్షకి కూర్చునేవాళ్ళు తాము వాయించబోయే పీసుల పేర్లు మూడు గళ్ళలో రాసి, కింద సంతకం పెట్టాలి. మొదటి రెండు గళ్ళతో ఎవరికీ పేచీ లేదు, వాటిని టీచరుగారే తేల్చేసింది. తంటా అంతా మూడో గడితోనే. అక్కడ ఎవరికి నచ్చింది వాళ్ళు రాసుకోవచ్చు. జాబితాలో ముప్ఫై ఉన్నాయి కానీ, తిప్పి తిప్పి అందరూ రెండింటి దగ్గరే ఆగారు. ఒకటి చేతులు కంటికి ఆననంత వేగంగా వాయించాల్సింది. రెండోది నిదానంగా, ఒక్కో స్వరాన్నీ ఎదుటివాళ్ళ చేతిలో పెట్టి అప్పగించినట్టు వాయించాల్సింది.

క్లాసు గది బయట వరండాలో బెంచీ మీద నలుగురూ ఒళ్ళో ఫారాలు పెట్టుకుని కూర్చున్నారు. నలుగురూ నలభై దాటినవాళ్ళే. పళ్ళ డాక్టరమ్మ ఒక రోగికీ ఇంకో రోగికీ మధ్య పరుగెత్తుకొచ్చింది, మాస్కు ఇంకా గడ్డం కిందే వేలాడుతోంది. బస్సు డ్రైవరుకి ఒంటిగంటకి డ్యూటీ, యూనిఫారంలోనే వచ్చాడు. బేకరీ నడిపే ఆయన గోళ్ళ సందుల్లో మైదా పిండి. ఆ పక్కనే ఆయన తోడల్లుడు, లిఫ్టు మెకానిక్. వయసులో పెద్దవాడు, మాటల్లో అంతకన్నా పెద్దవాడు.

"వేగమైనది రాద్దామంటే వేళ్ళు చాలవు. నిదానమైనది రాద్దామంటే దాక్కోవడానికి చోటుండదు. ఏం చెయ్యాలో పాలుపోవట్లేదు," అంది డాక్టరమ్మ.

"పోయినేడాది నేను వేగమైనదే వాయించానమ్మా," అన్నాడు మెకానిక్.

నిజానికి ఆ ఒక్క ముక్కతో ఆగిపోదామనే అనుకున్నాడు. కానీ డాక్టరమ్మ గబుక్కున ఇటు తిరిగింది. "మీరు పోయినేడాదే పెద్ద పరీక్షకి కూర్చున్నారా? చెప్పనే లేదే!" అంది. ఆ కళ్ళలో మెరుపు చూసేసరికి మెకానిక్ గుండెలో ఏదో తలుపు తెరుచుకుంది. ఇక ఆగడం ఆయన వల్లయ్యే పని కాదు.

"చెప్పుకోవడం నాకిష్టం ఉండదమ్మా, అడిగారు కాబట్టి చెబుతున్నాను. మూడు వారాల్లో నేర్చాను దాన్ని. పియానో దగ్గర కూర్చునే తీరికెక్కడిది నాకు, లిఫ్టు బటన్ల మీదే సాధకం. పన్నెండు అంతస్తుల లిఫ్టయితే కుడిచెయ్యి, ఆరంతస్తులదైతే ఎడమచెయ్యి. నేను వాయిస్తుంటే పాపం లిఫ్టులో ఉన్నవాళ్ళు పైకీ కిందకీ తిరుగుతూనే ఉండేవాళ్ళు, ఒక్కరంటే ఒక్కరు విసుక్కోలేదు. సరే, పరీక్ష రోజొచ్చింది. పది గంటలకి నా పేరు పిలిచారు. లోపల పరీక్షాధికారి, సన్నగా పొడుగ్గా ఉంటాడు, ముందు కప్పులో టీ పొగలు కక్కుతోంది. 'మొదలుపెట్టండి' అన్నాడు. నేను మొదలుపెట్టేశాను. ఆయన 'మొద' అనేసరికే మొదటి పేజీ అయిపోయింది."

"అబ్బ!" అన్నాడు బేకరీ తోడల్లుడు.

"పేజీ ఎవరు తిప్పారు మరి?" అని అడిగింది డాక్టరమ్మ.

"తిప్పడమెందుకమ్మా? నా చేతుల గాలికి అవే తిరిగాయి. ఒకటి కాదు, ఒక్కోసారి రెండేసి తిరిగాయి, మధ్యలో పేజీ నేను ఊహించుకుని వాయించాల్సొచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండో పేజీ మధ్యలో టప్పుమని తీగ తెగింది. ఇంకోడైతే చేతులెత్తేసేవాడు. నేనా? ఆ స్వరం వచ్చినప్పుడల్లా నోటితో ఈల వేశాను. ఇంకో తీగ తెగింది, గొంతుతో అందుకున్నాను. పదకొండు తీగలు తెగాయి. చివరికి నేను వాయిస్తున్నానా, పాడుతున్నానా, ఈల వేస్తున్నానా, పరీక్షాధికారికే తెలీలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు."

డాక్టరమ్మ నవ్వాపుకోలేక మాస్కు పైకి లాక్కుంది. నమ్మి నవ్వుతోందో నమ్మక నవ్వుతోందో మెకానిక్‌కి పట్టలేదు. నవ్వు నవ్వే. ఒంట్లో రక్తం జోరందుకుంది. ఫారం నాలుగు మడతలు పెట్టి జేబులో తోసి, బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు.

"అసలు సంగతి ఇప్పుడు చెబుతాను, కాస్త సర్దుకుని కూర్చోండి. ఆ పియానోకి కింద చక్రాలున్నాయి. చక్రాలకి బ్రేకు వెయ్యడం ఎవరో మర్చిపోయారు. మూడో పేజీలో ఎడమచేతికి ఉరుములు మెరుపులూ ఉంటాయి కదా, అక్కడ నేను బలంగా వేసేసరికి పియానో కదిలింది. కదిలి తలుపు వైపు బయల్దేరింది. నేను వదుల్తానా? స్టూలు కాళ్ళ మధ్య ఇరికించుకుని, అలాగే గెంతుతూ వాయిస్తూ వెంటపడ్డాను. వెనక పరీక్షాధికారి, ఒక చేతిలో మార్కుల కాగితం, ఒక చేతిలో టీ కప్పు. వరండా దాటాం, మలుపు తిరిగాం. ఎదురుగా లిఫ్టు!"

"లిఫ్టులో పట్టిందా అన్నయ్యా?" తోడల్లుడు ముందుకి వంగాడు.

"ఎనిమిది మంది పట్టే లిఫ్టు తమ్ముడూ. పియానో అంటే నలుగురు మనుషుల బరువు, నేను, ఆయన, లెక్క సరిపోయింది. లెక్క చూసుకోకుండా నేను లిఫ్టెక్కుతానా? తలుపులు మూసుకున్నాయి. నాలుగో అంతస్తు దాటి ఐదుకి రాకముందే, ఆగిపోయింది. చీకటి. ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. 'భయపడకండి సార్' అన్నాను. ఎడమచేత్తో పీసు నడుస్తూనే ఉంది, కుడిచేత్తో జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాను, పలక విప్పాను, వైరు కలిపాను, పలక బిగించాను. కుడిచేతి స్వరాలు అంతసేపూ ఎవరు వాయించారంటారేమో. మోచేత్తో వాయించాను. ఒక్క తాళం తప్పితే ఒట్టు!"

క్లాసు గది తలుపు సందులోంచి ఎవరో నిదానమైన పీసు మొదటి వరస వాయించడం వినిపించింది. మెకానిక్ దాన్ని వినకుండా ఉండడానికి గొంతు ఇంకాస్త పెంచాడు.

"లిఫ్టు బాగైంది కానీ మరీ బాగైపోయింది. ఐదు, ఆరు, పది, పన్నెండు, ఆగదే! తిన్నగా డాబా మీదకి వెళ్ళి తలుపులు తీసుకుంది. కింద చూస్తే మొత్తం రోడ్డు ఆగిపోయింది. ట్రాఫిక్ పోలీసు రెండు చేతులూ నా తాళానికే ఊపుతున్నాడు, కార్లు వరసగా దానికే కదులుతున్నాయి. డాబా మీద పావురాలు గుంపుగా లేచాయి. ఎడమచేతికి సగం, కుడిచేతికి సగం. అప్పుడు వేశాను చివరి స్వరాలు, పది వేళ్ళతో, ధన్! ఆ దెబ్బకి లిఫ్టు జర్రుమని కిందకి జారింది, పియానో వచ్చిన దారినే వెనక్కి దొర్లుకుంటూ పోయి గదిలో తన చోట నిలబడింది. పరీక్షాధికారి కుర్చీలో కూలబడ్డాడు. కప్పులో టీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. ఇద్దరం గోడ గడియారం చూశాం. మొదలుపెట్టింది పదింటికి. అయిపోయింది పదికి మూడు నిమిషాలు తక్కువకి!"

డాక్టరమ్మ కడుపు పట్టుకుంది. "అయితే పాసయ్యారుగా? మళ్ళీ ఈ ఫారమెందుకండీ?"

"అదే కదమ్మా నా దురదృష్టం. నూట యాభైకి నూట ఎనభై వేశాడు మహానుభావుడు. కంప్యూటరు ఒప్పుకుంటుందా? లెక్క తప్పని చెప్పి కొట్టేసింది. ఆయనే నా చేతులు పట్టుకుని, 'వచ్చేసారి కాస్త తగ్గించి వాయించండి బాబూ' అని బతిమాలాడు. అందుకే మళ్ళీ వచ్చాను."

చెప్పి, చెమట తుడుచుకుని, చప్పట్లు రావాల్సిన వైపు చూశాడు. డాక్టరమ్మ నిజంగానే చప్పట్లు కొట్టింది. డ్రైవరు మాత్రం మొదట్నుంచీ ఉన్నట్టే ఉన్నాడు. మోకాళ్ళ మీద చేతులు, చూపు నేల మీద. ఇక తోడల్లుడు. ఆయన ఒళ్ళో ఫారం చూసేసరికి మెకానిక్ నవ్వు సగంలో ఆగింది.

మూడో గడిలో ముందే రాసి ఉన్న నిదానమైన పీసు పేరుని తోడల్లుడు అడ్డంగా కొట్టేస్తున్నాడు. ఎనిమిది నెలలుగా ఆ పీసునే సాధన చేస్తున్నాడాయన. బేకరీలో పిండి కలిపే బల్ల మీద తెల్లారగట్ల వేళ్ళు ఆడిస్తుంటాడని మెకానిక్ మరదలు పండగ కబురులా అందరికీ చెప్పుకుంటుంది. అలాంటిది, ఇప్పుడు దాని పైన గుండ్రటి అక్షరాలతో వేగమైన పీసు పేరు రాస్తున్నాడు. దాంట్లో మొదటి పేజీ కూడా ఆయనకి రాదు.

"తమ్ముడూ, అదేంటి?"

"మీరే మూడు వారాల్లో నేర్చారు కదన్నయ్యా. నాకింకా పది వారాలున్నాయి. ఇన్నాళ్ళూ భయపడి నిదానమైనదాన్ని పట్టుకు వేలాడాను. మీ మాటలు విన్నాక ధైర్యమొచ్చేసింది!" ఆయన మొహం వెలిగిపోతోంది.

పావురాలనీ లిఫ్టునీ వెనక్కి తీసుకోవడం తేలికే, మూడు వారాలనీ వెనక్కి తీసుకోవచ్చు. అప్పుడు మిగిలేది ఏమిటో మెకానిక్ ఒక్కడికే తెలుసు. నోరు తెరిచాడు, మాట రాలేదు. ఇన్నేళ్ళలో అలా జరగడం అదే మొదటిసారి.

"ఆ పెన్ను కాస్త పక్కన పెట్టండి," అన్నాడు డ్రైవరు.

అందరూ ఆయన వైపు చూశారు. ఆయన మెకానిక్‌తోనే మాట్లాడాడు, మెత్తగా.

"మెకానిక్ గారూ, నేను ఈ మాట ఎప్పటికీ అనకూడదనుకున్నాను. కానీ ఈయన ఫారం పాడైపోతుంటే చూస్తూ కూర్చోలేను. పోయినేడాది పరీక్ష జరిగిన రోజు పదింటికి మీరు నా బస్సులో ఉన్నారు. నా వెనక సీటు. ఒళ్ళో పుస్తకాల సంచీ. పరీక్ష హాలు ముందు బస్సాపాను. మీరు లేచి, తలుపు దాకా వచ్చి, వెనక్కెళ్ళి కూర్చున్నారు. చివరి స్టాపు దాకా వచ్చారు, దిగలేదు. తిరుగు ప్రయాణంలోనూ అక్కడ ఆపాను. మళ్ళీ లేచారు, మళ్ళీ కూర్చున్నారు. రెండు ట్రిప్పులు తిరిగారు."

ఆ రోజు మెకానిక్ తనకి జ్వరమని టీచరుగారితో చెప్పాడు, ఇంట్లో పరీక్ష బాగా జరిగిందని చెప్పాడు. తోడల్లుడి మొహంలోకి చూసే ధైర్యం లేక గోడ మీది పాత టైంటేబుల్ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఇంకో సంగతి కూడా చెప్పాలి," అన్నాడు డ్రైవరు. "అంతసేపూ మీ వేళ్ళు మీ ముందున్న కడ్డీ మీద ఆడుతూనే ఉన్నాయి. వేగంగా కాదు, ఇలా." బెంచీ అంచు మీద నిదానంగా తట్టి చూపించాడు. నాలుగు దెబ్బలు వినేసరికే తోడల్లుడు తలెత్తాడు.

"అది నా పీసు!"

"అవును, అదే. అద్దంలో చూస్తూనే బండి నడిపాను. నేను పియానో వదిలేసి అప్పటికి ఎనిమిదేళ్ళయింది. ఆ వారమే వచ్చి ఇక్కడ మళ్ళీ చేరాను."

డాక్టరమ్మ మాస్కు తీసి జేబులో పెట్టుకుని, పెన్ను మెకానిక్ వైపు చాపింది.

మెకానిక్ దాన్ని అందుకున్నాడు. తర్వాత జేబులోంచి నాలుగు మడతల ఫారం తీసి, గోడకి ఆనించి, మూడో గడిలో నిదానమైన పీసు పేరు రాశాడు. సంతకం పెట్టాడు. తోడల్లుడి భుజం మీద చెయ్యి వేసి, "పద తమ్ముడూ, నీకింకో ఫారం అడిగి తెద్దాం. ఇది కొట్టివేతలతో చెడిపోయింది," అన్నాడు. ఆయన లేచాడు.

ఇద్దరూ ఆఫీసు గది దాకా వెళ్ళారు. గుమ్మంలో మెకానిక్ ఆగి, వెనక్కి తిరిగి డ్రైవరుని పిలిచాడు.

"డ్రైవరు గారూ, రెండు ట్రిప్పులు కాదండీ. మూడు. మొదటిది మీ బస్సు కాదు."