గిన్నెకి రెండు నిమిషాలు

ఆ గడియారం తీసి జేబులో పెట్టుకో తల్లీ. ముందు ఆ పని చెయ్యి. పొద్దుట్నించీ చూస్తున్నా, నా గిన్నె పక్కన దాన్ని పెట్టి దీని వంకా దాని వంకా మార్చి మార్చి చూస్తున్నావ్. ఊరి నీళ్ళ వంతులు కొలిచే మా తాతల నాటి గిన్నె నీ గడియారానికి సంజాయిషీ చెప్పుకోవాలా? బ్యాటరీ అయిపోతే చచ్చి ఊరుకుంటుంది అది. దీనికేం కావాలి? నీళ్ళు. అంతే.

టీ తాగు, చల్లారిపోతోంది. తీపి ఎక్కువైందా? పట్నం వాళ్ళందరికీ ఇదో జబ్బు. మా ఊళ్ళో టీలో పంచదార తగ్గించారంటే వచ్చిన మనిషి గిట్టలేదని అర్థం. నువ్వు నాకు గిట్టలేదనుకో, అది వేరే సంగతి. టీ మీద చూపించను.

నవ్వకు. నిజమే చెప్తున్నా.

నీ మీద కోపమేం లేదు గిజ్లాన్. చదువుకున్న పిల్లవి, ఇంజనీరువి, ఇంత ఎండలో కాలవ గట్ల వెంట తిరుగుతున్నావ్. నీ వెనకాల వచ్చే కాగితాలంటేనే నాకు అనుమానం. నిన్న గట్టున బిగించావే ఆ తెల్లపెట్టె, దాంతో తూములు వాటంతటవే తెరుచుకుని వాటంతటవే మూసుకుంటాయట. ఎవరి వంతు వస్తే వాళ్ళ ఫోను మోగుతుందట. ఇక గిన్నె అక్కర్లేదు, గిన్నె పక్కన కూర్చునే ఈ ముసలి మిమూన్ అంతకన్నా అక్కర్లేదు. శుక్రవారం నమాజయ్యాక జమాతు పెద్దల ముందు నేనొచ్చి వేలిముద్ర వేస్తే చాలు. అంతేగా?

మిమూన్ సరే అంటే ఊరు సరే అంటుందని నీకెవరో చెప్పారు. ఉన్నమాటే చెప్పారులే. మూడు తరాలుగా ఈ గిన్నె మా ఇంటిది. మేం మునిగిందంటే మునిగినట్టే. ఎవడూ లేచొచ్చి తొంగి చూడడు. అన్నదమ్ముల్ని నమ్మనివాళ్ళు కూడా గిన్నెని నమ్ముతారిక్కడ.

నువ్వొచ్చావ్ చూడ్డానికి.

మీ వాళ్ళు ఇంతకుముందు మాకు చేసిన మేళ్ళు చెప్పనా? ఎండతో వెలిగే దీపాలని వీధిలో స్తంభాలు పాతారు. మంత్రిగారొచ్చి రిబ్బను కత్తిరించారు. మిట్టమధ్యాహ్నం వచ్చాడు మహానుభావుడు, అవి వెలిగాయో లేదో ఆయనకెలా తెలుస్తుంది? రెండో రంజాను నాటికి ఒక్కటీ వెలగలేదు. ఇప్పుడు వాటికి గాడిదల్ని కట్టేసుకుంటున్నాం. పనికి రాలేదని నేననను, గాడిదలకి బాగానే పనికొచ్చాయి.

తర్వాత కాలవకి సిమెంటన్నారు. నీళ్ళు ఇంకి వృథా అవుతున్నాయట. ఆ వృథా నీళ్ళతోనే కదమ్మా గట్టు పొడుగునా పుదీనా మొలిచేది? ఆడవాళ్ళు పోతూ పోతూ ఇంత గిల్లుకుని కొంగులో వేసుకునేవాళ్ళు, ఎవర్నీ అడక్కుండా. ఇప్పుడు నీ గ్లాసులో ఉన్నది కొట్టు పుదీనా. అందుకే పంచదార రెండు గడ్డలు ఎక్కువేశాను. పోనీ, ఆ సిమెంటైనా చివరిదాకా వేశారా? అదిగో, ఆ మలుపు దగ్గర ఆగిపోయింది. నిధులు లేవన్నారు. మలుపు అవతల, మొగుడు పోయిన ఇజ్జా తోట దాకా ఇప్పటికీ మట్టి కాలవే.

ఆ కొండ కింద చూడు. పుచ్చకాయలు వేశారు. ఎడారిలో పుచ్చకాయలు! బోర్లు దింపి, సోలార్ మోటార్లు పెట్టి ఆపకుండా తోడారు. కరెంటు బిల్లు రాదుగా, ఆపడం దేనికి? మా ఊట ఇంత లావుండేది ఇంత సన్నబడింది. ఆ తర్వాత ప్రభుత్వం కళ్ళు తెరిచి పుచ్చకాయలు వెయ్యకూడదని చట్టం చేసింది. మంచి చట్టమే, కాదన్ను. అది ఊళ్ళోకి వచ్చేసరికి పుచ్చకాయల లారీలు ఊరు దాటిపోయాయి.

మరి ఇన్ని చూసినవాణ్ణి, అనుమానించక ఏం చెయ్యమంటావ్?

ఆఁ, ఇది అలాంటిది కాదంటావ్. ప్రతివాడూ మొదట అదే అంటాడు. అందరికీ సమానం అంటావ్. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పురుడొచ్చిన ఇంటికి మేం గిన్నె వంతు ముందుకు జరుపుతాం, తెలుసా? శవం లేచిన ఇంటి వంతు పక్కింటివాడు కాపలా కాస్తాడు. నీ పెట్టెకి పురుడంటే తెలుసా, శవమంటే తెలుసా?

ఫోన్లో నొక్కితే మార్చుకోవచ్చా... అదీ పెట్టావా.

అన్నిటికీ సమాధానం ఉంది నీ దగ్గర. అదే నా భయం.

సరే, కూర్చో. గిన్నె సగానికి వచ్చింది. ఇది ఇజ్జా వంతు గిన్నె, పద్నాలుగు రోజులకి ఆమెకి దక్కేది ఈ ఒక్కటే. మునగ్గానే నేను ఆ గుమ్మంలో నిలబడి కేక పెడతాను. తూము దగ్గర బెల్‌ఖీర్ పార పట్టుకుని ఆ కేక కోసమే కాచుక్కూర్చున్నాడు, తన మడికి తిప్పుకోడానికి. ఒక్క చుక్క వదలడు వాడు.

ఏంటి? మళ్ళీ చెప్పాలా? నిన్న రాసుకున్నావుగా. అడుగున సన్నటి బొక్క ఉన్న రాగి గిన్నె. గంగాళంలో నీళ్ళ మీద వదిలితే మెల్లిగా నిండి మునుగుతుంది. మునిగితే ఒక గిన్నె నీళ్ళు అయినట్టు. పగలు నేను, రాత్రి మా తమ్ముడు హమ్మూ. శుక్రవారం మధ్యాహ్నం నమాజు కాగానే మొదలు, పద్నాలుగు రోజులు తిరిగి మళ్ళీ శుక్రవారం నమాజుకి ముగింపు. ఊరందరివీ కలిపి నాలుగొందల నలభై గిన్నెలు. చివరివి మసీదు తోటవి. అవి కూడా అయ్యాక, నమాజు వేళ దాకా పారేవి తోక నీళ్ళు. అవి గిన్నె కాసేవాడివి. నాకు జీతం లేదు, ధాన్యం లేదు. ఆ తోక నీళ్ళే నా కూడు.

ఎన్ని గంటలా? ఏమో, నేనేం చదువుకున్నానా గంటలు చెప్పడానికి? శుక్రవారం పొద్దున కాసేపు పారతాయి. ఒక్కోసారి కాస్త ముందు నించి.

ఎంత ముందేంటి? ఎందుకడుగుతున్నావ్?

అదిగో, అందుకే గడియారం జేబులో పెట్టుకోమన్నది! పోలీసులా అడుగుతావేం? నలభై మూడు నిమిషాలకి మునుగుతోందా? మునిగితే మునగనీ. నలభై అయిదని ఎవరన్నారు నీతో? ఎక్కడ రాసుంది? దీని జత గిన్నె ఒకటి మసీదులో ఉండేది, ఒకే కంచరి ఒకే రోజు చేసినవి. ఉంటే సరిచూసుకునేవాళ్ళం. దాన్ని పట్నం మ్యూజియం వాళ్ళు పట్టుకుపోయారు, అద్దాల పెట్టెలో పెట్టుకోడానికి. అదీ మీ వాళ్ళ నిర్వాకమే!

ఏమన్నావ్?

వెళ్ళి చూశావా? చూస్తే ఏముందిలే, అద్దం అవతల...

నీళ్ళలో వేయనిచ్చారా.

మూడుసార్లా? మూడుసార్లూ నలభై అయిదేనా?

ఆ ఫోను ఇటు తే. ఇది వీడియో కదూ? ఆ, అదే. అంచు మీద చంద్రవంక గుర్తు. అదే మునుగుతోంది. ఎంత నిదానంగా మునుగుతోందో చూడు. నాన్న చేతికింద ఇదీ ఇలాగే మునిగేది.

గిన్నెకి రెండు నిమిషాలు. దానికే ఇంత గోలా అందామనుకున్నా. కానీ నువ్వు నాలుగొందల నలభైతో హెచ్చవేసే ఉంటావ్. పద్నాలుగు గంటల పైన తేలుతుందిలే. నాకు గంటలు రావన్నది అబద్ధం. ఈ ఒక్క లెక్క నాకు నిద్రలో కూడా వచ్చు.

ఎవరితోనన్నా చెప్పావా? ఇంకా లేదా. నాతో చెబుదామని ముందు నా దగ్గరికే వచ్చావా? పొద్దుట్నించీ నేను నిన్ను తిడుతుంటే ఆ ఫోను జేబులో పెట్టుకుని కూర్చున్నావా? ఏం పిల్లవమ్మా నువ్వు!

మా నాన్న సల్లామ్ పోయి పదకొండేళ్ళు. గిన్నె కాసేవాడు పోతే నలభై రోజులు గిన్నెని అతని తలగుడ్డలో చుట్టి ఉంచుతారు. ఆ నలభై రోజులూ జత గిన్నెతో పంచాం. నలభై ఒకటో నాడు కొత్తవాడు గిన్నెని తోమి, మెరిపించి, పెద్దల ముందు పెట్టాలి. అప్పుడు వాడికి తెల్ల తలపాగా చుడతారు. నేనూ తోమాను. నిమ్మకాయ, బూడిద, ఇసక. అద్దంలా మెరిసింది. బొక్కలో మాత్రం సున్నం పేరుకుపోయి ఉంది. నాన్న ఎప్పుడూ ఖర్జూరం ముల్లుతో తీసేవాడు, ఎంతసేపైనా సరే, ముల్లుతోనే. నాకేమో వేళ మించిపోతోంది. బయట పెద్దలొచ్చి కూర్చున్నారు. గోడకి గోనెసంచులు కుట్టే సూది గుచ్చి ఉంది.

రాగి మెత్తన కదమ్మా. బొక్క సాగిందని చేతికి తెలిసింది. కొద్దిగా, కాస్తంత, జారినట్టు.

ఆ మొదటి పద్నాలుగు రోజుల వంతులో తోక నీళ్ళు గురువారం సాయంత్రమే వచ్చేశాయి. నేనేమనుకున్నానో తెలుసా? నాన్న దువా, ఆయన దీవెన అనుకున్నాను! మా ఆవిడతో చెప్పాను కూడా, చచ్చిపోయి కూడా నా మీద చల్లని చూపు చూస్తున్నాడే అని. ఇద్దరం ఏడ్చాం. రెండో వంతుకి అర్థమైంది. అర్థమయ్యాక చెప్పొద్దూ మరి?

చెప్పలేదు. గిన్నె చెడగొట్టిన ఇంటికి మళ్ళీ గిన్నె ఇవ్వరు ఇక్కడ. తలపాగా చుట్టి నెల కాలేదు. ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఆ తర్వాత నా దానిమ్మలు కాశాయి. ఊళ్ళో అందరివీ ఎండుతుంటే నావి కొమ్మలు వంగేలా కాశాయి. సిగ్గుతో మొదలైంది, దానిమ్మలతో అలవాటైపోయింది.

ఇంకోటి కూడా విను, ఎలాగూ వింటున్నావ్. మ్యూజియం వాళ్ళు జత గిన్నెని పట్టుకుపోయారన్నాను చూడు. వాళ్ళు అడిగింది పాత తలుపులు. గిన్నె నేనే తెచ్చి చేతిలో పెట్టాను. ఊరు మర్యాద దక్కుతుందని పెద్దల్ని నేనే ఒప్పించాను.

ఏదీ, గిన్నె ఎంతవరకొచ్చింది? అంచుకి నాలుగు వేళ్ళు. ఇంకా ఉంది.

అందరికీ గిన్నెకి పోయింది రెండేసి నిమిషాలే. ఇరవై గిన్నెల ఆసామికి అది లెక్కలోకి రాదు. కానీ ఇజ్జాకి ఉన్నది ఒక్క గిన్నె. మలుపు అవతల మట్టి కాలవ తడిసి, నీళ్ళు ఆమె గట్టు చేరేసరికే సగం గిన్నె పోతుంది. మొదళ్ళు తడుస్తూ తడుస్తూ, చివరి మూడు ఖర్జూరం చెట్లకి అందేది ఆఖరి రెండు నిమిషాల్లోనే. ఆ మూడూ ఆమె మొగుడు బతికుండగా నాటినవి. మూడో ఏడు ఆకులు పసుపెక్కాయి. అయిదో ఏడు మోళ్ళయ్యాయి.

వచ్చి అడిగింది తల్లీ నన్ను. ఇక్కడే, నువ్వు కూర్చున్న చోటే కూర్చుని. "మిమూన్ భాయ్, గిన్నె సరిగ్గానే ఉందా? నా నీళ్ళు మూడు చెట్ల ముందే ఆగిపోతున్నాయి" అంది. నా మీద అనుమానంతో కాదు. తన కళ్ళ మీద అనుమానంతో. నేను గిన్నె మీద చెయ్యేసి ఒట్టేశాను. పుచ్చకాయలోళ్ళని తిట్టాను. అంతా బోర్ల వల్లే ఇజ్జా, ఊట సన్నబడింది, ప్రభుత్వం పట్టించుకోదు అన్నాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు, చూశావా? నిజాలన్నీ ఏరుకొచ్చి ఒక దొంగతనం మీద కప్పాను.

ఆమె కూడా తిట్టింది వాళ్ళని. నాకు తోడుగా.

ఆ మోళ్ళు కొట్టించాక ఏం చేసిందో తెలుసా? "నీ గిన్నె గది కప్పు కురుస్తోంది కదా భాయ్, దూలాలకి పనికొస్తాయి" అని నాకిచ్చేసింది. తల ఎత్తి చూడు. ఆ మూడూ అవే. ఆరేళ్ళ నించి వాటి కిందే కూర్చుని ఆమె నీళ్ళు కొలుస్తున్నాను.

ఇప్పుడు చెప్పు, నీ పెట్టెంటే నాకెందుకు భయమో. పుచ్చకాయలు, దీపాలు, సిమెంటు, అన్నీ నిజమే, నా అనుమానాలేవీ వెనక్కి తీసుకోను. రేపు నీ పెట్టె పాడైతే బాగుచెయ్యడానికి ఎవడొస్తాడని పెద్దల ముందే అడుగుతాను, రాసిమ్మంటాను. కానీ రాత్రిళ్ళు నా గుండెల్లో గుచ్చుకునేది అవేవీ కాదు.

నన్ను అడుగుతావేంటి, నీ పెట్టెలో గిన్నెకి ఎన్ని నిమిషాలని రాయాలని? నలభై మూడని రాశావనుకో, నీ పెట్టె ఏ రోజూ తప్పకుండా, అలిసిపోకుండా, నా దొంగతనం నా తర్వాత కూడా చేస్తూనే ఉంటుంది. ఎవడూ అనుమానించడు. యంత్రం కదా. నలభై అయిదని రాశావనుకో, మొదటి శుక్రవారమే ఊరంతా అడుగుతుంది, ఇన్నాళ్ళూ మా నీళ్ళేమయ్యాయని. నలభై అయిదే రాయి. ఎందుకని పెద్దలు అడిగితే నావైపు చూపించు. నేనే చెప్తాను. తలపాగా ఇంట్లో వదిలేసి వస్తాలే, వాళ్ళు తియ్యక్కర్లేకుండా.

మంచివాణ్ణయ్యాననుకోకు. దొరికిపోయాను, అంతే. నువ్వు ఆ మ్యూజియానికి వెళ్ళకపోతే ఈపాటికి నీకు ఇంకో టీ పోసి ఇంకో నాలుగు తిట్లు తిట్టి పంపించేవాణ్ణి.

అదిగో. మునిగింది. విన్నావా ఆ చప్పుడు?

ఉండు, లేవకు. బెల్‌ఖీర్ అక్కడ మెడ చాచి ఇటే చూస్తున్నాడు. చూడనీ. ఏదీ, ఆ గడియారం బయటికి తియ్యి. ఇక్కడ పెట్టు, నాకు కనపడేట్టు. రెండు నిమిషాలు అయ్యేదాకా నేను కేక పెట్టను.

పారుతున్నాయా? నీకు కళ్ళు బావుంటాయి, కాస్త చూసి చెప్పు. ఇజ్జా తోట చివరిదాకా వెళ్ళాయా?

అక్కడ చెట్లెక్కడివమ్మా, ఇసకే కదా. తాగనీలే.