జపమాల పత్యం

వేదిక మీదున్న పెద్ద ఫాదర్ అంబాదాస్ గారికి, యాత్ర సంఘం అధ్యక్షులు సూర్యకాంత్ సారుకు, గుణదల మరియమాత పండుగకు ఏటేటా నా బండెక్కిన అక్కలకు, అన్నలకు, మర్ఖేల్ నుంచి అచ్చి ఆఖరి వరుసల కూసున్న మా ఊరోళ్లకు ఈ డ్రైవర్ భోజన్న చేతులెత్తి మొక్కుతున్నడు. మనది మహారాష్ట్రనే అయినా నాకు మరాఠీల భాషణం చేసుడు రాదు, తెలుగులనే మాట్లాడుత. మైకు ముంగట నిలబడుడు ఇదే మొదలు. స్టీరింగ్ లేకుంటే చేతులు ఏడ పెట్టుకోవాల్నో తెలుస్తలేదు. (నవ్వులు)

కండ్లు మసకైనయని ఈ ఏడు బండి దిగుతున్న. శాలువ కప్పిండ్రు, సంతోషం. గని ఈ నీలి రిబ్బన్ పతకం ఉన్నది సూడుండ్రి, పది యాత్రలు చేసినోళ్లకు ఇచ్చేది, ఇది నాకెందుకో సమజైతలేదు. పందొమ్మిదేండ్లు మిమ్మల్ని తీస్కపోయిన, నిజమే. గని మరియమాత ఉన్న ఆ గుట్ట నేను ఒక్కసారన్న ఎక్కలే. మీ సామాను కాసుకుంట పార్కింగ్‌లనే ఉన్న.

అసలు పరేషాన్ ఇది కాదు. మొదటి ఏడు తిరిగొచ్చేటప్పుడు ఈ ఫాదరే నాకు యాత్ర గుర్తుగ ఒక జపమాల ఇచ్చిండ్రు. నేను మెడల ఏసుకొని ఇంటికి పోయిన. మా దిక్కు పండరిపురం పోయి తులసిమాల ఏసుకున్నోన్ని మాలకరి అంటరు. ఆయన మాంసం, నీసు ముట్టొద్దు, ఆయన ఇంట్ల పొయ్యి మీద నీసు ఉడకొద్దు. నా పెండ్లాం ముత్తెమ్మ ఇంటి కడప కాడనే నా కాళ్లు కడిగింది. సిలువ సూసి "ఇదేందయ్యా?" అన్నది. "ఆ తల్లి గుర్తు" అన్న. "ఏ తల్లి అయితేంది, మెడల మాల పడ్డది గదా" అని మటన్ వండే గంజు తోమి పక్కింటి మైసవ్వకు ఇచ్చేసింది.

మీరేమో నా మెడ సూసి నన్ను పెద్ద నియమం మనిషి అనుకున్నరు. భోజన్న ముంగట బాగుండదని కోడికూర డబ్బాలు తెచ్చుడు బంద్ చేసిండ్రు. మీరు తినకపోయేసరికి, జపమాల ఏసుకున్నోళ్లు తినరని నేను ఖాయం చేసుకున్న. నన్ను సూసి మీరు, మిమ్మల్ని సూసి నేను, పందొమ్మిదేండ్లు పప్పు తిన్నం. (పెద్దగా నవ్వులు)

మొన్న ఫిబ్రవరిల కొత్తగ అచ్చిన నర్సు మయూరి బండిల బిర్యానీ డబ్బా ఇప్పింది. "బిడ్డా, మెడల మాల పెట్టుకొని అదేం తిండి?" అన్న. "గట్లని ఎవలు చెప్పిండ్రు కాకా?" అన్నది. అందరు ఫాదర్ దిక్కు సూసిండ్రు. "అసొంటి నియమం ఏం లేదు భోజన్నా" అన్నరాయన. నేను బండి పక్కకు ఆపిన.

ఇంటికి పోయి ముత్తెమ్మకు చెప్పిన. మూడో దినం దేగ్లూర్ బజార్ల మటన్ తెచ్చిన. వండింది, ముంగట పెట్టుకొని కూసున్నది, ముట్టలే. "ఇన్నేండ్లు మనం ఎవలకోసం నోరు కట్టుకున్నం?" అని అడిగింది. అదే మాట పోయి ఫాదర్‌ను అడిగిన. "నాక్కూడ తెల్వదు భోజన్నా" అన్నరు. అంత సదువుకున్నాయనకే తెల్వకుంటే నాకెట్ల తెలుస్తది? ఈ మాల తియ్యాల్నా, ఉంచాల్నా? ఇప్పటికీ ఎటూ తోస్తలేదు.

ఇంకో మాట. మీరందరు గుట్ట ఎక్కినంక, ఎదురుంగ హోటల్ల నేను రెండుసార్లు కోడికూర తిన్న. మాల తీసి జేబుల ఏసుకొని తిన్న. ముత్తెమ్మా, అట్ల సూడకు, ఇంటికి పోయినంక తిట్టు. (నవ్వులు)

నవ్వకుండ్రి. ఆమె ఒక్కనాడు తప్పలే. మటన్ల మూలుగు బొక్క అంటె పానమిచ్చే మనిషి. పోచమ్మ పండుగకు చుట్టాలొస్తే మైసవ్వ పొయ్యి మీద యాట కూర ఆమెనే వండేది. ఉప్పు సూడనీకి మాత్రం మైసవ్వను పిలిచేది. మాల నా మెడల, పత్యం ఆమె నోటికి. నాకు సిగ్గయితున్నది.

గందుకే ఫాదర్, ఈ పతకం నా మెడల ఎయ్యకుండ్రి. ఆమె గుణదల సూడలే. ఆమె చేసింది యాత్ర ఔనో కాదో నాకు తెల్వదు. చేసిందైతే ఆమెనే చేసింది, నేను కాదు. ఆమెకు మోకాళ్ల నొప్పులు, ఈ వేదిక మెట్లు ఎక్కనీకి చాతకాదు. మీరే జర కిందికి దిగాలె.

ఇన్నేండ్లు నన్ను నమ్మి బండిల కండ్లు మూసుకొని నిద్రపోయినందుకు మీ అందరికి దండాలు. ఇగ నాకు సెలవియ్యుండ్రి.

కూసోని ఉండు ముత్తెమ్మా, లేవకు. ఫాదరే అస్తున్నరు.