బావగారి మంచి పేరు

మూడో అంతస్తు దాకా ఆయాసపడుతూ మెట్లెక్కి, బావగారు సూట్‌కేసుతో సహా లోపలికొచ్చి తలుపు వేశారు. వంటగదిలో కుళాయి ఊరికే పారుతోంది.

“కింద నుంచి పక్కింటావిడ నా పేరు పెట్టి పిలిస్తే నువ్వెందుకు పలికావురా?”

“అలవాటు బావా. ఏడాదికో వారం ఈ దేశానికి వచ్చిపోతే ఇక్కడ ఉండనిచ్చే నీ కార్డు నిలుస్తుంది, ఇల్లు మాత్రం కాపురమున్నట్టు కనపడాలన్నావు. లైట్లు వేస్తున్నాను, నీళ్లు వదులుతున్నాను. ఎవరడిగినా నీ పేరే చెబుతున్నాను.”

“పేరు చెప్పమన్నాను గానీ, ఆవిడ మొగుణ్ణి ఆసుపత్రికి మోసుకెళ్లమన్నానా?”

“నీకే కదా మంచి పేరొచ్చింది.”

“ఆ మంచి పేరే నా కొంప ముంచింది. కింద తనిఖీ ఆఫీసరుకి కార్డు చూపిస్తుంటే ఆవిడ అడ్డొచ్చి, ఈయనెవరో దొంగ, అసలు మనిషి పైన ఉన్నాడంది. ఇద్దరూ పైకొస్తున్నారు.”

“నన్నేం చెయ్యమంటావు?”

“నిజం చెప్పు. నువ్వు నా బావమరిదివనీ, నీకు కార్డు లేదనీ.”

“చెబితే నన్ను రేపే మన దేశానికి పంపించేస్తారు. తొమ్మిదేళ్ల బతుకు బావా.”

“చెప్పకపోతే నా కార్డు పోతుంది. దాంతో మీ అక్కదీ పిల్లలదీ పోతాయి. అక్కడ గొడవలు ముదిరితే వాళ్లు పారిపోయి రావడానికున్న దారి అదొక్కటేరా.”

“బాగుంది. ఉండక్కర్లేని నీకు ఉండే హక్కు, ఉంటున్న నాకు ఊడే హక్కు.”

బావగారు నవ్వలేదు. తలుపు చప్పుడైంది. బావమరిది వెళ్లి కుళాయి కట్టేసి వచ్చి, తలుపు తీశాడు.

“అమ్మా, ఇన్నాళ్లూ మీరు నన్ను పిలిచిన పేరు ఈయనది. ఇల్లూ ఈయనదే. నేను ఈయన బావమరిదిని. నాకు కార్డు లేదు.”

“మరి నీ పేరేమిటి బాబూ?”

“ఆఫీసరుగారు రాసుకునేటప్పుడు వినండమ్మా.”