కొట్టని దొర

మొగుళ్లపల్లి బడికి కొత్తగా వచ్చిన కోస్తా పంతులు, నాలుగు రోజులుగా కనిపించని సారక్క కోసం వాళ్లింటికే వెళ్లాడు. వాకిట్లో తల్లి మిరపకాయల తొడిమలు తీస్తోంది.

“అమ్మా, పిల్లను బడెందుకు మాన్పించారు?”

“మంచిగ సదివితె జీతం దొరుకుతదని నువ్వే అన్నవట గద సారూ.”

“అన్నాను. అందులో తప్పేముంది?”

“దాని నాయిన పలక మొకం సూడకుంటనే దొర బర్లు కాసుకుంట పదేండ్లు జీతమున్నడు. గా దానికి గూడ సదువు గావాల్నా?”

పంతులు నాలుక కరుచుకున్నాడు.

“ఆ జీతం కాదమ్మా. నేనూ జీతానికే ఉన్నాను, సర్కారు దగ్గర.”

“అయ్యో! గా దొర కొడ్తడా?”

“కొట్టడు. ఆదివారం సెలవు కూడా ఇస్తాడు.”

ఆమె ఒక్క క్షణం అతణ్ణి ఎగాదిగా చూసి లోపలికి కేకేసింది.

“సారక్కా, పలక పట్టుకో బిడ్డా! కొట్టని దొర దొరికిండట.”